చిన్న మెషిన్ షాప్‌కి ఐఎస్ఓ 9001, 14001: వారంలో ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

లేత్‌పని | రాయగడ | సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది రాయగడలో చిన్న మెషిన్ షాప్. లేత్‌లు, ఒక మిల్లింగ్, ఒక రేడియల్ డ్రిల్లింగ్, వెల్డింగ్ సెట్లు ఉన్నాయి. నాతో కలిపి పద్నాలుగు మందిమి. పంపు షాఫ్టులు, బుష్‌లు, కన్వేయర్ రోలర్లు, కప్లింగులు చేస్తాం. చుట్టుపక్కల ఫ్యాక్టరీల మెయింటెనెన్స్ పనులే మాకు తిండి పెడుతున్నాయి.

ఇన్నాళ్లూ స్టోర్స్ వాళ్లు ఫోన్ చేసి అరిగిపోయిన శాంపిల్ పంపిస్తే, అలాంటిదే చేసి ఇచ్చేవాళ్లం. ఇప్పుడు ఒక పెద్ద కంపెనీ వాళ్లు వెండర్లందరినీ మళ్లీ రిజిస్టర్ చేసుకోమన్నారు. ఫారంలో ఐఎస్ఓ 9001 (క్వాలిటీది) ఉందా అని ఒక గడి, 14001 (పర్యావరణానిది) ఉందా అని ఇంకో గడి. మొదటిది తప్పనిసరి, రెండోది ఉంటే అదనంగా మార్కులు వేస్తారట.

నంబర్ ఎలా దొరికిందో గానీ ఒకాయన వాట్సాప్ చేశాడు. జీఎస్టీ సర్టిఫికెట్, లెటర్‌హెడ్ పంపిస్తే వారంలో రెండు సర్టిఫికెట్లూ పీడీఎఫ్‌లో వచ్చేస్తాయట. రెండూ కలిపి తొమ్మిది వేలు. షాప్‌కి ఎవరూ రారట. "ఆడిట్ రిపోర్టు కూడా మేమే రాసి పెడతాం, మీకెందుకు సార్ టెన్షన్" అంటున్నాడు. ఇంకొకాయన లక్ష దాటే లెక్క చెప్పాడు. ఇంత తేడా ఏమిటి? తెలిసినవాళ్లు చెప్పండి.

కాశీబుగ్గ_కుర్రాడు | పలాస | సోమవారం రాత్రి 9:58

మా వీధిలో టిఫిన్ సెంటర్ బోర్డు మీద కూడా ఐఎస్ఓ 9001 అని ఉంది అన్నా. ఇడ్లీ మాత్రం రోజుకో సైజు.

పాత ఆడిటర్ | బరంపురం | సోమవారం రాత్రి 10:31

లేత్‌పని బాబూ, ముందు ఒక విషయం తెలుసుకో. ఐఎస్ఓ అనే సంస్థ జెనీవాలో ఉంది, 1947 నుంచి పనిచేస్తోంది. అది ప్రమాణాలు రాస్తుంది, అంతే. ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. తన లోగో వాడుకోనివ్వదు కూడా. నీ దగ్గరకు వచ్చి తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చేది వేరే కంపెనీ, దాన్ని సర్టిఫికేషన్ బాడీ అంటారు. ఆ కంపెనీకి అసలు ఆ అర్హత ఉందో లేదో చూసే సంస్థ ఇంకొకటి పైన ఉంటుంది. మన దేశంలో అది ఎన్‌ఏబీసీబీ, క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఉంటుంది. బ్రిటన్‌లో యూకేఏఎస్. ఇలాంటి అక్రిడిటేషన్ సంస్థలకు అంతర్జాతీయంగా 2025 దాకా ఐఏఎఫ్ అనే కూటమి ఉండేది.

నీ వాట్సాప్ మనిషి ఇచ్చే కాగితానికి పైన ఎవరూ ఉండరు. ఉన్నట్టు ఒక గుండ్రటి ముద్ర ఉంటుంది, పేరు కూడా అసలుదానిలాగే వినిపిస్తుంది. ఆ పేరు ఎన్‌ఏబీసీబీ వెబ్‌సైట్‌లో ఉందేమో వెతుకు. అసలైన సర్టిఫికెట్ అయితే ఐఏఎఫ్ సర్ట్‌సెర్చ్ అనే సైట్‌లో నీ కంపెనీ పేరు కొడితే దొరకాలి. ఇప్పుడు పెద్ద కంపెనీల పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో కుర్రాళ్లు చేసే మొదటి పని అదే.

ఇక రేటులో తేడా. ఎంతమంది పనిచేసే చోట ఎన్ని రోజులు ఆడిట్ చేయాలో ఐఏఎఫ్ ఒక పట్టిక పెట్టింది. క్వాలిటీ సిస్టమ్‌కి 11 నుంచి 15 మంది ఉంటే మొదటి ఆడిట్ రెండున్నర రోజులు. పని సులువైనదైతే కొంత తగ్గించుకోవచ్చు, దానికీ హద్దు ఉంది. అది రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో నువ్వు సిద్ధంగా ఉన్నావా లేదా అని చూస్తారు, రెండో దశలో షాప్‌లో పని నడిచే తీరు చూస్తారు. సర్టిఫికెట్ మూడేళ్లు ఉంటుంది. మధ్యలో ఏటా మళ్లీ చూడటానికి, అంటే సర్వైలెన్స్‌కి వస్తారు, దానికి మొదటి ఆడిట్‌లో మూడో వంతు సమయం. చదువుకున్న మనిషి విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో వచ్చి, రెండు మూడు రోజులు ఉండి, రిపోర్టు రాసి వెళ్లాలంటే తొమ్మిది వేలకు ఎలా కుదురుతుంది? నువ్వే లెక్క వేసుకో.

ఇంకో మాట. సర్టిఫికెట్ ఇచ్చే కంపెనీ కన్సల్టెన్సీ చేయకూడదు. 17021 అనే ప్రమాణంలో స్పష్టంగా ఉంది. "సర్టిఫికెట్టూ మేమే, ఆడిట్ రిపోర్టూ మేమే, మీ రికార్డులూ మేమే" అన్నవాడు ఆ ఒక్క మాటతోనే దొరికిపోయాడు.

రెంచి | గుణుపురం | మంగళవారం ఉదయం 7:15

మాస్టారూ, మీరు చెప్పింది పుస్తకంలో బాగుంటుంది. నేను వేరే రాష్ట్రంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేశాను. దానికి ఖరీదైన సర్టిఫికెట్టే ఉండేది, గోడకు అద్దం కట్టి పెట్టారు. ఆడిట్ వస్తుందనగా నేల మీద పసుపు గీతలు మళ్లీ పెయింట్ కొట్టేవాళ్లం. మూడు నెలల చెక్‌లిస్టులు ఒక్క రాత్రిలో నింపేవాళ్లం, అనుమానం రాకుండా నీలం పెన్ను కాసేపు, నల్ల పెన్ను కాసేపు. క్వాలిటీ పాలసీ బట్టీ పట్టించేవాళ్లు. ఆడిటర్ వచ్చేవాడు, క్యాంటీన్‌లో భోజనం బాగుందనేవాడు, వెళ్లిపోయేవాడు.

అంత ఖర్చు పెట్టి తెచ్చుకున్నదీ అబద్ధమే, తొమ్మిది వేలదీ అబద్ధమే. అలాంటప్పుడు చవకైన అబద్ధం కొనుక్కుంటే తప్పేమిటి?

కాశీబుగ్గ_కుర్రాడు | పలాస | మంగళవారం ఉదయం 7:40

రెంచి బాబాయ్ చెప్పిన రెండు పెన్నుల సంగతి మా కాలేజీ ల్యాబ్ రికార్డుల్లో కూడా నడిచింది 😄

వెండర్ డెస్క్ | కోరాపుట్ | మంగళవారం ఉదయం 11:05

నేను సప్లయర్లను చూసే పనిలో ఉన్నాను. కంపెనీ పేరు చెప్పను. రెంచి గారు చెప్పినవి జరుగుతాయి, కాదనను. కానీ లేత్‌పని గారికి అసలు పరీక్ష సర్టిఫికెట్ ఆడిట్ కాదు. మాలాంటివాళ్లం కస్టమర్ తరఫున షాప్‌కి వస్తాం. సెకండ్ పార్టీ ఆడిట్ అంటారు. అప్పుడు మేం ఏం చేస్తామో చెప్తాను.

ఫైళ్లు అడగం. నేరుగా డిస్పాచ్‌కి సిద్ధంగా ఉన్న సరుకు దగ్గరకు వెళ్తాం. ఒక షాఫ్ట్ చేతిలోకి తీసుకుంటాం. దీని డ్రాయింగ్ ఏది? అందులో రివిజన్ ఎంత? పర్చేజ్ ఆర్డర్‌లో ఉన్న రివిజనేనా? బేరింగ్ సీటు 50 ఎం.ఎం., టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) కే6 అని డ్రాయింగ్‌లో ఉంటే, కొలిచిందెవరు, దేంతో కొలిచారు? వెర్నియర్‌తో కొలిచామంటే అక్కడే సగం కథ అయిపోయింది, ఎందుకంటే కే6 అంటే మైక్రాన్ల వ్యవహారం, మైక్రోమీటర్ కావాలి. ఆ మైక్రోమీటర్ నంబర్ ఎంత? కాలిబ్రేషన్ (కొలత సరిగా చూపిస్తోందా అన్న తనిఖీ) ఎప్పుడు చేయించారు? ఈఎన్8 రకం ఉక్కు అన్నారు, మిల్లు ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్ ఏది? అందులోని, ఉక్కు ఏ విడతలో కరిగించిందో చెప్పే హీట్ నంబర్‌కీ ఈ షాఫ్ట్‌కీ సంబంధం ఎలా చూపిస్తారు? కోసిన ముక్క మీద పంచ్ కొట్టారా, పెయింట్ మార్క్ పెట్టారా?

ఒక్క షాఫ్ట్ పట్టుకుని వెనక్కి నడుస్తూ పోతే పావుగంటలో తెలిసిపోతుంది, ఆ షాప్ ఐఎస్ఓ మీద నడుస్తోందో, ఓనర్ జ్ఞాపకశక్తి మీద నడుస్తోందో. ఓనర్ జ్ఞాపకశక్తి మీద చాలా మంచి పని చేసే షాపులూ చూశాను. ఆయనకు జ్వరం వచ్చిన వారం వచ్చిన సరుకే రిజెక్ట్ అవుతుంది.

చవకైన అబద్ధం కొంటే తప్పేమిటన్నారు. సర్టిఫికెట్ నకిలీ అని తేలితే మా దగ్గర ఆ వెండర్‌ని బ్లాక్ చేస్తారు. లేదని రాసినవాడికి "ఆరు నెలల్లో తెచ్చుకో" అని గడువు ఇచ్చిన సందర్భాలున్నాయి.

లేత్‌పని | రాయగడ | మంగళవారం రాత్రి 10:10

మేడమ్, చదువుతుంటే చెమటలు పట్టాయి. మా దగ్గర మైక్రోమీటర్లున్నాయి, మంచి కంపెనీవే, కానీ కొన్నప్పటి నుంచి ఎక్కడికీ పంపలేదు. హీట్ నంబర్ సంగతి దేవుడెరుగు, రౌండ్ బార్లు కోసిన ముక్కలన్నీ ఒకే మూల పడి ఉంటాయి.

ఇంకో చిక్కు. మా దగ్గర చేసేవాళ్లలో కొందరు ఒడియా, కొందరు తెలుగు, ఇద్దరు ముగ్గురు ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడే కుర్రాళ్లు. ఇంగ్లీషు నాకే అంతంతమాత్రం. కన్సల్టెంట్ మాత్రం ఎనభై పేజీల ఇంగ్లీషు మాన్యువల్ చూపించి, ఇది షాప్‌లో పెట్టాలన్నాడు.

పాత ఆడిటర్ | బరంపురం | మంగళవారం రాత్రి 10:50

ఎనభై పేజీలా! ఏ బిస్కెట్ ఫ్యాక్టరీదో పేరు మార్చి నీకు అంటగట్టి ఉంటాడు. ఫైండ్ అండ్ రీప్లేస్ సరిగా పడక మధ్యలో ఎక్కడో పాత కంపెనీ పేరు మిగిలిపోయి ఉంటుంది, వెతికి చూడు. నా సర్వీసులో అది చాలా సార్లు చూశాను.

2015 ఎడిషన్ నుంచి క్వాలిటీ మాన్యువల్ తప్పనిసరి కాదు. మేనేజ్‌మెంట్ రిప్రజెంటేటివ్ అనే పదవీ తప్పనిసరి కాదు. 1987లో మొదటిసారి వచ్చినప్పుడు ఇది కాగితాల ప్రమాణమే, నిజమే. దాని మూలం 1979 నాటి బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5750. రక్షణ శాఖ కాంట్రాక్టుల తనిఖీ వాసన చాలా కాలం వదల్లేదు. 1994, 2000, 2008, 2015... సవరించిన కొద్దీ "ఏం రాశావు" అన్నది తగ్గి "ఏం చేస్తున్నావు" అన్నది పెరిగింది. కన్సల్టెంట్లు మాత్రం 1994 దగ్గరే ఆగిపోయారు.

భాష గురించి. డాక్యుమెంట్ ఏ భాషలో ఉండాలో నువ్వే నిర్ణయించుకోమని 7.5.2 క్లాజ్ చెబుతుంది. బొమ్మలైనా సరే. పనిచేసేవాడికి అర్థం కావాలి, అదే షరతు. లేత్ పక్కన ఒడియాలో ఒక ముక్క, తెలుగులో ఒక ముక్క రాసి, మైక్రోమీటర్ ఎలా పట్టుకోవాలో ఫొటో అంటించు. ఆడిటర్‌కి అర్థం కాకపోతే అది ఆడిటర్ బాధ, భాష తెలిసిన మనిషిని పంపుకుంటారు.

కాలిబ్రేషన్‌కి విశాఖలో ఎన్‌ఏబీఎల్ (ల్యాబులను చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబులున్నాయి. ఉన్నవన్నీ పంపక్కర్లేదు. కీలకమైన కొలతలకు వాడేవాటిని పంపి, మిగతావాటి మీద "రఫ్ పనికి మాత్రమే" అని స్టిక్కర్ వెయ్యి. స్లిప్ గేజ్ సెట్ (కచ్చితమైన మందం ఉన్న దిమ్మలు) ఒకటి కాలిబ్రేట్ చేయించి దాచుకుంటే, మధ్యమధ్యలో మైక్రోమీటర్లను దాంతో నువ్వే సరిచూసుకోవచ్చు. ఆ రీడింగులు ఒక రెండు రూపాయల నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకో.

రెంచి | గుణుపురం | బుధవారం ఉదయం 6:50

మాస్టారూ, రెండు రూపాయల నోట్‌బుక్ ఇప్పుడు ఎక్కడ దొరుకుతోంది?

జీడితోట | పర్లాకిమిడి | బుధవారం మధ్యాహ్నం 2:20

అందరూ 9001 మీదే పడ్డారు, 14001 గురించి నేను చెప్తాను. మాకు జీడిపిక్కల యూనిట్ ఉంది. నేనూ మా ఆయనా చూసుకుంటాం. బయటి దేశానికి పప్పు పంపే ఒక ఎక్స్‌పోర్టర్ అడిగితే 14001కి దిగాం.

మొదట మేం అనుకున్నది, ఇది వస్తే పొల్యూషన్ బోర్డు వాళ్లు ఇక మన జోలికి రారని. అదేమీ కాదు. 14001లో పొగ ఎంత ఉండాలి, నీళ్లు ఎంత శుభ్రంగా ఉండాలి అన్న అంకెలు ఒక్కటీ లేవు. ఆ హద్దులు పెట్టేది ప్రభుత్వం. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద బోర్డు ఇచ్చే కన్సెంట్ (యూనిట్ నడపడానికి అనుమతి) వేరే, అది ఉండి తీరాలి. 14001 అడిగేది, నీకు వర్తించే చట్టాలేమిటో నీకు తెలుసా, వాటిని పాటిస్తున్నావో లేదో నువ్వే అప్పుడప్పుడు సరిచూసుకుంటున్నావా అని. కన్సెంట్ గడువు దాటిపోయి, గోడ మీద 14001 ఉంటే అది ఇంకా సిగ్గుచేటు.

రెండోది, మీ పనిలో ఏ అడుగు దగ్గర గాలికి, నీటికి, మట్టికి ఏం జరుగుతోందో మీరే జాబితా రాసుకోవాలి. మాకు ఆ జాబితా రాయడమే పెద్ద చదువు అయింది. కాల్చే డ్రమ్ము పొగ అందరికీ కనిపిస్తుంది, పక్కవాళ్లు తిట్టేదీ దాని గురించే. కానీ రాసుకుంటూ పోతే పెంకు నూనె దగ్గర ఆగిపోయాం. పెంకులు ఆరుబయట కుప్ప పోసేవాళ్లం. వాన పడితే కుప్ప కింద నుంచి నల్లటి నీళ్లు కారి పెరట్లోంచి కాలవలోకి పోయేవి. ఆ కుప్ప కింద గడ్డి కూడా మొలవదు. అది మాకు ఎప్పుడూ "సమస్య" అనిపించలేదు, ఎందుకంటే ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఇప్పుడు రేకుల షెడ్డు కింద సిమెంటు గచ్చు మీద పోస్తున్నాం, చుట్టూ చిన్న గట్టు కట్టించాం. పెంకులు కొనేవాడు తడిసినవాటికి తరుగు కోసేవాడు, ఆ గొడవా పోయింది.

పిక్క పగలగొట్టే ఆడవాళ్ల చేతులు ఆ నూనెకు పొక్కిపోతాయి, ఆముదం రాసుకుని కూర్చుంటారు. అది 14001 కిందికి రాదట, పనివాళ్ల ఆరోగ్యం, భద్రతకు 45001 అని వేరే ఉందట. మా ఆడిటరే చెప్పారు. నాకు మాత్రం మొదట రాయాల్సింది అదే అనిపించింది. గ్లౌజులు తెచ్చాం, వేసుకుంటే పని సాగదని తీసేస్తున్నారు. ఇంకా దారి దొరకలేదు.

లేత్‌పని | రాయగడ | బుధవారం రాత్రి 9:30

అక్కా, మీరు రాసింది చదివి మా షాప్ వెనక్కి వెళ్లి చూశాను. కటింగ్ ఆయిల్ కలిపిన తెల్ల నీళ్లు పాడైపోతే బకెట్‌తో డ్రైన్‌లో పోస్తాం. డ్రైన్ ఎక్కడికి పోతుందంటే, మా ఊళ్లో ఏ డ్రైన్ అయినా చివరికి నాగావళికే. గేర్‌బాక్సుల పాత ఆయిల్ డబ్బాల్లో పెడితే లారీవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు, చెక్కలకు చెదలు పట్టకుండా రాయడానికి ఊళ్లవాళ్లూ అడిగి తీసుకుంటారు. ఇది తప్పా?

జీడితోట | పర్లాకిమిడి | బుధవారం రాత్రి 9:48

నాగావళి మీ దగ్గర నుంచి దిగువకు వచ్చి శ్రీకాకుళం వాళ్లు తాగుతారు తమ్ముడూ. మా చెల్లిని ఇచ్చింది అక్కడే 🙂

వెండర్ డెస్క్ | కోరాపుట్ | గురువారం ఉదయం 10:40

లేత్‌పని గారూ, వాడేసిన ఆయిల్ 2016 నాటి హానికర వ్యర్థాల నిబంధనల కింద వస్తుంది, మొదటి షెడ్యూల్లో 5.1. అడిగినవాళ్లకు ఇవ్వడం, లారీవాళ్లకు అమ్మడం రెండూ కుదరవు. బోర్డు అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి, పంపినప్పుడు ఫారం 10 మానిఫెస్ట్ (సరుకు వెంట వెళ్లే పత్రం) ఉండాలి. ఎంత వచ్చింది, ఎంత పంపాం అన్నది ఫారం 3లో రాసుకోవాలి, ఏడాది లెక్క ఫారం 4లో జూన్ 30 లోపు ఇవ్వాలి. మామూలుగా 90 రోజులకు మించి నిల్వ పెట్టుకోకూడదు, ఏడాదికి పది టన్నుల లోపు వచ్చే చిన్న యూనిట్లకు బోర్డు 180 రోజుల దాకా పొడిగించవచ్చు. కాలుష్యాన్ని బట్టి బోర్డు పెట్టే రంగుల్లో మీ పనికి రెడ్, ఆరెంజ్, గ్రీన్, వైట్‌లలో ఏ రంగు వర్తిస్తుందో ముందు తెలుసుకోండి, మిగతా భారమంతా దాని మీద ఆధారపడి ఉంటుంది.

రెంచి | గుణుపురం | గురువారం ఉదయం 11:30

నెలకు పదిహేను ఇరవై లీటర్లు వచ్చే షాప్‌కి రీసైక్లర్ లారీ పెట్టుకుని రాయగడ వస్తాడా మేడమ్? చట్టం రాసినవాళ్లు పెద్ద ఫ్యాక్టరీలను చూసి రాశారు. చిన్నవాడు నిజం చెబితే దొరికిపోతాడు, చెప్పకపోతే హాయిగా ఉంటాడు. 14001 పెట్టుకోవడమంటే బోర్డుకి ఎదురెళ్లి చేతులు చాచి "కట్టేయండి" అన్నట్టే.

వెండర్ డెస్క్ | కోరాపుట్ | గురువారం మధ్యాహ్నం 1:15

ఆ బాధ నిజమే, ఒక్క డబ్బా కోసం ఎవరూ రారు. కానీ దారి లేకపోలేదు. ఒకే ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఉన్న షాపులు, గ్యారేజీలు కలిసి ఒకే రోజు పిలిపించుకుంటే రీసైక్లర్‌కి లోడు గిట్టుతుంది. ఎవరి డ్రమ్ము వాళ్లదే, ఎవరి ఫారం వాళ్లదే. ఆయిల్ తక్కువ వాడటం ఇంకో దారి. కూలెంట్ మీద తేలే నూనెను రోజూ తీసేసి, గాఢత రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకుంటూ ఉంటే అది అంత త్వరగా కంపు కొట్టదు. పారబోసే బకెట్లు తగ్గుతాయి, కొనే డబ్బాలూ తగ్గుతాయి.

మిర్చి యార్డు | ధర్మాబాద్, నాందేడ్ జిల్లా | గురువారం సాయంత్రం 6:05

మహారాష్ట్ర వైపు నుంచి ఒక మాట. మాది మిర్చి, కారం వ్యాపారం. మాకూ ఒకాయన 9001 అంటగట్టబోయాడు. మా బయ్యర్‌ని అడిగితే "నాకు అది వద్దు, అఫ్లాటాక్సిన్ (బూజు విషం) ఎంత ఉందో ఎన్‌ఏబీఎల్ ల్యాబ్ రిపోర్టు చూపించు, ఎఫ్‌ఎస్ఎస్ఏఐ లైసెన్స్ చూపించు" అన్నాడు. తిండి సరుకుకు కావాలంటే 22000 అని వేరే ఉంది.

చెప్పేదేమిటంటే 9001 సరుకుకు ఇచ్చే సర్టిఫికెట్ కాదు, ఐఎస్ఐ మార్కు లాంటిది కాదు. కారం ప్యాకెట్ మీద ఐఎస్ఓ అని ముద్రించి అమ్మేవాళ్లున్నారు మా బజార్లో, అది చెల్లదు. లేత్‌పని భాయ్, మీ కస్టమర్ అసలు ఏం అడుగుతున్నాడో కాగితం మీద రాయించుకోండి. కొందరు ఐఎస్ఓ అని రాస్తారు గానీ మనసులో కావాల్సింది ఇన్‌స్పెక్షన్ రిపోర్టు.

పాత ఆడిటర్ | బరంపురం | గురువారం రాత్రి 9:20

మిర్చి యార్డు గారు మంచి మాట చెప్పారు.

జీడితోట అమ్మా, నీ పోస్టు నేను ట్రైనింగ్‌లో వాడుకుంటాను, అభ్యంతరం లేకపోతే. ఒక్కటి కలుపుతాను. 14001 మామూలు రోజునే కాదు, ఆపద వచ్చిన రోజునూ అడుగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో జీడిచెట్లు కూలిపోవడం, గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడటం మనం చూశాం. 2017 జూలైలో రాయగడ దగ్గర వరదకు తెరుబలి, సింగపూర్ రోడ్డు స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. అలాంటి రోజున నీ ఆయిల్ డ్రమ్ములు ఎక్కడుంటాయి? నీళ్లలో తేలుతూ పోతే ఎవరి పొలంలో తేలతాయి? పుస్తకంలో "అత్యవసర సన్నద్ధత" అని రాస్తారు, షాప్‌లో దాని అర్థం డ్రమ్ముల్ని రెండడుగుల ఎత్తు అరుగు మీద పెట్టడం. పైగా 2024 ఫిబ్రవరి నుంచి 9001కీ 14001కీ ఒక చిన్న సవరణ చేర్చారు, వాతావరణ మార్పు మీ సంస్థకు సంబంధించిన విషయమో కాదో ఆలోచించి నిర్ణయించుకోవాలని. చాలామంది "సంబంధం లేదు" అని ఒక్క లైను రాసేస్తున్నారు. వరద చూసిన ఊళ్లో అలా రాస్తే నేనైతే తిరిగి అడుగుతాను.

సబ్సిడీ_సమాచారం | రాయగడ | శుక్రవారం ఉదయం 9:00

ఖర్చు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ జెడ్ అనే పథకం నడుపుతోంది, జీరో డిఫెక్ట్ జీరో ఎఫెక్ట్. ఐఎస్ఓ కాదు గానీ అదే దారి. కాంస్యం, రజతం, స్వర్ణం అని మూడు మెట్లు. కాంస్యం ఫీజు పది వేలు, రజతం నలభై వేలు, స్వర్ణం తొంభై వేలు. మైక్రో యూనిట్‌కి 80 శాతం, చిన్నవాటికి 60, మధ్యతరహావాటికి 50 శాతం సబ్సిడీ. ఆకాంక్షిత (వెనుకబడినవిగా కేంద్రం గుర్తించిన) జిల్లాల యూనిట్లకు ఇంకో పది శాతం, మన రాయగడ, గజపతి, కోరాపుట్ ఆ జాబితాలో ఉన్నాయి. ఉద్యమ్ (ఎంఎస్ఎంఈ) రిజిస్ట్రేషన్ ఉండాలి. అప్లై చేసే ముందు పోర్టల్‌లో ఈనాటి నిబంధనలు చూసుకోండి. ఐఎస్ఓ ఫీజు తిరిగి ఇచ్చే పథకాల గురించి జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.

జీడితోట | పర్లాకిమిడి | శుక్రవారం ఉదయం 9:25

ఆడవాళ్ల పేరు మీద ఉన్న యూనిట్లకు జెడ్‌లో పూర్తి ఫీజు మాఫీ అని విన్నాం, మాకు అలాగే అయింది. యూనిట్ నా పేరు మీద పెట్టినందుకు మా ఆయన మొదటిసారి సంతోషించాడు.

లేత్‌పని | రాయగడ | శుక్రవారం రాత్రి 10:05

అందరికీ ధన్యవాదాలు. వాట్సాప్ ఆయన్ని బ్లాక్ చేశాను. పర్చేజ్ వాళ్లతో ఈరోజు మాట్లాడాను. 9001కి అప్లై చేసినట్టు అసలైన సర్టిఫికేషన్ బాడీ నుంచి లెటర్ చూపిస్తే గడువు ఇస్తామన్నారు. 14001 ప్రస్తుతానికి లేదనే రాస్తాను. ఆయిల్ పని ముందు సరిచేసుకుని తర్వాత చూస్తాను.

ఒక్క సందేహం. సర్టిఫికేషన్ వాళ్ల అప్లికేషన్‌లో "డిజైన్ ఉందా, లేదా" అని అడిగారు. మేం డ్రాయింగ్ గీయం. కానీ అరిగిపోయిన శాంపిల్ వస్తుంది, దాని అసలు సైజు ఎంత ఉండేదో అంచనా కట్టి చేస్తాం. ఒక్కోసారి "ఈఎన్8 తొందరగా అరుగుతోంది, ఈఎన్24 పెట్టండి" అని మేమే చెబుతాం. ఇది డిజైనా?

పాత ఆడిటర్ | బరంపురం | శుక్రవారం రాత్రి 10:40

మంచి ప్రశ్న. కస్టమర్ డ్రాయింగో శాంపిలో ఇస్తే డిజైన్ గురించిన 8.3 క్లాజ్ వర్తించదని రాసుకోవచ్చు, కారణం రాస్తే చాలు. శాంపిల్ కొలిచి మళ్లీ చేయడం డిజైన్ కాదనే నా అభిప్రాయం.

వెండర్ డెస్క్ | కోరాపుట్ | శుక్రవారం రాత్రి 11:10

మాస్టారితో సగమే ఏకీభవిస్తాను. శాంపిల్ కొలిచి చేయడం వరకు సరే. మెటీరియల్ మార్చమని మీరే చెప్పి, మీరే చేసి పంపితే, రేపు ఆ షాఫ్ట్ విరిగితే బాధ్యత ఎవరిది? నేనైతే దాన్ని డిజైన్ అనే అంటాను. తప్పించుకోవాలంటే ఒకటి చేయండి. శాంపిల్ నుంచి స్కెచ్ గీసి, కొలతలు, మెటీరియల్ రాసి, మా ఇంజనీర్‌కి పంపి సంతకం చేయించుకున్నాకే జాబ్ లేత్ మీద ఎక్కించండి. అప్పుడు డ్రాయింగ్ మాది, తయారీ మీది.

రెంచి | గుణుపురం | శనివారం ఉదయం 6:35

ఆ సంతకం కోసం ఇంజనీర్ గారు ఎన్నాళ్లు తిప్పించుకుంటారో అదీ చెప్పండి మేడమ్. బ్రేక్‌డౌన్ అయినప్పుడు అర్ధరాత్రి ఫోన్ చేసి "పొద్దున్నకి కావాలి" అంటారు. స్కెచ్ మీద సంతకం పెట్టమంటే మాత్రం ఆదివారం అంటారు.

వెండర్ డెస్క్ | కోరాపుట్ | శనివారం ఉదయం 8:50

ఆ మాట ఒప్పుకుంటాను 🙂 బ్రేక్‌డౌన్ జాబ్ అయితే స్కెచ్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. "ఓకే, ప్రొసీడ్" అని రిప్లై వస్తే దాన్ని ప్రింట్ తీసి జాబ్ కార్డుకి పిన్ చేయండి. మేం ఒప్పుకుంటాం. రిప్లై రాకుండా మొదలుపెట్టకండి, ఎంత తొందర పెట్టినా సరే.

లేత్‌పని | రాయగడ | శనివారం రాత్రి 9:15

అర్థమైంది మేడమ్. స్కోప్‌లో "కస్టమర్ డ్రాయింగ్ లేదా ఆమోదించిన స్కెచ్ ప్రకారం యంత్ర భాగాల తయారీ, మరమ్మతు" అని రాసి పంపుతున్నాను. మైక్రోమీటర్లు సోమవారం రైల్లో విశాఖ వెళ్తున్నాయి, మా మేనల్లుడు పట్టుకెళ్తాడు. కోసిన ముక్కలకు హీట్ నంబర్ పంచ్ కొట్టడం నిన్నటి నుంచే మొదలుపెట్టాం. మా కువి కుర్రాడు ఒకడు ప్రతి ముక్కకూ కొడుతున్నాడు, స్క్రాప్‌కి కూడా.

పాత ఆడిటర్ | బరంపురం | శనివారం రాత్రి 9:32

స్క్రాప్‌కి ఎర్ర పెయింట్ వెయ్యమను. నంబర్ ఉన్న స్క్రాప్ ముక్క పొరపాటున మంచి సరుకులో కలిసిందంటే లోపమున్న సరుకు క్లాజ్ 8.7 కింద రాయాల్సి వస్తుంది.